స్నానాల తొట్టి ఎత్తు

రెజీస్ మోటారుసైకిలు అమ్మేసి స్కూటరు కొన్నాడన్న కబురు అతనికంటే ముందే, అతను పనిచేసే ఆస్పత్రికి చేరిపోయింది. సెప్టెంబరులో ఒక సోమవారం పొద్దున అతను బాయిలరు గది వెనక బండి ఆపి హెల్మెట్ తీసేసరికి, జోయెల్ గుమ్మంలో చేతులు కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. జోయెల్ రోగుల మంచాలు తోసే మనిషి, పాతికేళ్ళ స్నేహితుడు. అతనికీ ఒక పెద్ద మోటారుసైకిలు ఉంది. దాన్ని పెళ్ళాం కంటే బాగా చూసుకుంటాడని ఆ పెళ్ళామే అందరికీ చెబుతూ ఉంటుంది.

“ఏరా, వేడినీళ్ళలో ఉతికావా ఏంటి? బండి ఇంతైపోయింది!”

“నవ్వుకో, నవ్వుకో.”

“నవ్వడం కాదురా, ఆకలేస్తోంది. పిజ్జా వేడిగానే ఉందా?”

రెజీస్ ఎడం మణికట్టు పట్టుకుని మొహం చిట్లించాడు. “ఇదిగో, దీనివల్ల. క్లచ్చి నొక్కీ నొక్కీ పాడైపోయింది. ఈ రద్దీలో రోజుకి ఎన్నిసార్లు నొక్కాలో నీకు తెలీనిదేముంది? దీనికి క్లచ్చీ లేదు, గేర్లూ లేవు. హాయి.”

ఇది శుద్ధ అబద్ధం. మణికట్టు నిక్షేపంలా ఉంది. పైగా అబద్ధం చెప్పడంలో రెజీస్‌కి బొత్తిగా నేర్పు లేదు. బుధవారానికల్లా కుడి మణికట్టు పట్టుకుని మూలగడం మొదలుపెట్టాడు. జోయెల్ అది చూసి కూడా ఊరుకున్నాడు, ఎంతైనా స్నేహితుడు కనక.

అసలు కారణం రెజీస్ భార్య ఓదిల్.

ఓదిల్ ఒక నాటకశాలలో నటులకి దుస్తులు కుడుతుంది. వాళ్ళ ఇల్లు పారిస్‌కి తూర్పున మోంత్రోయ్‌లో, ఇద్దరి ఉద్యోగాలూ నగరానికి దక్షిణపు అంచున. ఇరవై ఆరేళ్ళపాటు ప్రతి పొద్దునా ఆమె అతని నల్లబండి వెనక కూర్చుని రింగు రోడ్డు మీద పనికి వెళ్ళింది. ఇంట్లో మాట్లాడుకునే తీరిక లేని రోజుల్లో కూడా ఆ ముప్పావుగంట ఇద్దరిదీ. హెల్మెట్లు పెట్టుకుని ఏం మాట్లాడుకునేవాళ్ళని అడిగితే చెప్పలేరు. అతను హఠాత్తుగా బ్రేకు వేసినప్పుడు ఆమె హెల్మెట్ అతని హెల్మెట్‌కి టక్కున తగిలేది. “చూసి ఆపు” అనేది ఆమె. “చూసే ఆపాను” అనేవాడు అతను. ఇంతకంటే పెద్ద సంభాషణలు ఆ బండి మీద జరిగిన దాఖలాలు లేవు. వాళ్ళ కాపురంలో సగం మాత్రం ఆ బండి మీదే జరిగింది.

అక్కడ మోటారుసైకిలు వాళ్ళకి రెండు మర్యాదలున్నాయి. ఎదురుపడిన మోటారుసైకిలుకి ఎడమచేతి రెండు వేళ్ళు చాపి పలకరించాలి. రెండు వరసల కార్ల మధ్య సందులోంచి వెళుతున్నప్పుడు ఏ కారువాడైనా కాస్త పక్కకి జరిగి దారి ఇస్తే, కుడికాలు పక్కకి చాపి కృతజ్ఞత చెప్పాలి. కుడిచెయ్యి ఖాళీ ఉండదు కనక ఆ పని కాలు చేస్తుంది. ఊళ్ళో అయితే రెజీస్ ఎడమచెయ్యి కూడా క్లచ్చి వదలడానికి వీలుండేది కాదు. అందుకని రెండు వేళ్ళు ఎత్తడం ఓదిల్ పని. పలకరింపుల శాఖ మొత్తం ఆమెకే అప్పగించి అతను నిశ్చింతగా నడిపేవాడు. ఈ మర్యాదల్లో స్కూటర్లకి మాత్రం వాటా లేదు. స్కూటరువాడికి ఎవరూ వేళ్ళు ఎత్తరు, కాలు చాపరు. ఎందుకు అంటే ఎవరి దగ్గరా జవాబు లేదు.

మొన్న మార్చిలో ఓదిల్ కుడి తుంటికి ఆపరేషన్ అయింది. అరిగిపోయిన కీలు తీసేసి కొత్తది వేశారు. నడక వచ్చింది, నొప్పి తగ్గింది, కానీ కుడికాలు ఎత్తుకి లేవదు. మోటారుసైకిలు ఎక్కాలంటే ఆ కాలే విసరాలి. జూన్‌లో ఒక పొద్దున ప్రయత్నించింది. అతని భుజం పట్టుకుని కాలెత్తితే అది సగంలో ఆగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి ఆమె కాలు ఎత్తలేదు. హెల్మెట్ తీసి అతని చేతికిచ్చి, “మెట్రో పక్కనే ఉందిగా” అని వెళ్ళిపోయింది. ఆ గొంతు మామూలుగానే ఉంది. అతనికి అదే బాధేసింది.

కొన్నాళ్ళకి అతను ఎదురు పేవ్‌మెంటు మీద బండి తుడుస్తూ ఆమె మెట్రో మెట్లు దిగడం చూశాడు. కమ్మీ పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కొక్క మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించుకుంటూ దిగుతోంది. వెనక జనం విసుక్కుంటూ దాటిపోతున్నారు. ఒక కుర్రవాడి సంచీ తగిలి ఆమె తూలింది, మళ్ళీ నిలదొక్కుకుంది. రెజీస్ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. వెనక సీటు ఖాళీగా పెట్టుకుని అతను ఒంటరిగా పనికి వెళుతున్నాడు, ఇరవై ఆరేళ్ళు ఆ సీటులో కూర్చున్న మనిషి జనం మధ్య తోపులాటలో దిగుతోంది. ఆ రోజే తీర్మానించుకున్నాడు.

తీర్మానించుకున్నవాడు భార్యకి చెప్పొచ్చు కదా! చెప్పలేదు. నీకోసం బండి అమ్మేస్తున్నానంటే ఆమె ఒప్పుకోదని అతని భయం. ఒప్పుకున్నా ఆ బరువు జన్మంతా మోస్తుందని ఇంకో భయం. కాబట్టి మణికట్టు నొప్పి పుట్టించాడు. నల్లబండిని అమ్మేశాడు. స్కూటరు తెచ్చి వాకిట్లో పెట్టాడు. దానికి ముందు భాగంలో కాళ్ళు పెట్టుకునే చోటు చదునుగా, ఖాళీగా ఉంటుంది. గుమ్మం దాటినట్టు అందులోకి అడుగుపెట్టి, కూర్చుని, వెనక్కి జరిగితే చాలు. కాలు విసిరే పనే లేదు.

“ఊరికే ఒక్కసారి ఎక్కి చూడు” అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

“ఆ మణికట్టుతో వెనక మనిషిని కూడా మోస్తావా?” అంది ఓదిల్. “వద్దులే. ముందు నీ చెయ్యి బాగవనీ.”

అబద్ధం తిరిగొచ్చి అతని నెత్తినే కూర్చుంది. నొప్పి తగ్గిపోయిందని మర్నాడే చెబితే అనుమానిస్తుంది. నాలుగు వారాలు ఆగి తగ్గుతోందన్నాడు. “నువ్వలాగే అంటావు, నాకు తెలీదా” అని ఆమె రోజూ పడుకోబోయే ముందు మణికట్టుకి మందు రాసి, మృదువుగా రుద్ది, గుడ్డ చుట్టేది. అతను ఆ మందు వాసనలో పడుకుని కళ్ళు తెరుచుకుని ఉండేవాడు.

రోడ్డు మీద పరిస్థితి ఇంకా అధ్వానం. ముప్ఫై ఏళ్ళ అలవాటు ఒక్కరోజులో పోతుందా? మొదటి వారం ఎర్రదీపం కనపడగానే ఎడమచెయ్యి క్లచ్చి అనుకుని పూర్తిగా నొక్కేసేది. స్కూటరుకి అక్కడ ఉండేది వెనక బ్రేకు. బండి చతికిలబడేది. ఎడంకాలు లేని గేరు కోసం వెతుక్కునేది. ఎదురుగా మోటారుసైకిలు కనపడితే, ఓదిల్ వెనక లేని ఈ ఆరు నెలల్లో తనే ఎత్తడం అలవాటైన రెండు వేళ్ళూ తెలియకుండానే లేచేవి. అవతలివాడు దూరం నుంచి బండి దీపం చూసి తనూ చెయ్యి చాపి, దగ్గరికొచ్చాక స్కూటరని తెలిసి చెయ్యి వెనక్కి లాక్కునేవాడు.

అక్టోబరులో ఒకరోజు రింగు రోడ్డు మీద సందులో వెళుతుంటే వెనకనుంచి పెద్ద బండి చప్పుడు వినిపించింది. అద్దంలో చూశాడు, జోయెల్. రెజీస్ ముచ్చటపడి పక్కకి జరిగి దారి ఇచ్చాడు. జోయెల్ దూసుకుపోయాడు. కాలు చాపలేదు. స్కూటరు మీద ఉన్నది రెజీస్ అని అతనికి తెలియదు, నిజమే. అయినా రెజీస్‌కి తల కొట్టేసినట్టయింది. ఆ తరవాత సేన్ నది దాటేవరకూ ఇంకో సంగతి తొలిచింది. తను మాత్రం ఇన్నేళ్ళలో ఏ స్కూటరువాడికైనా కాలు చాపాడా? దారి ఇచ్చినవాళ్ళు ఎంతమంది ఉండి ఉంటారు! ఒక్కడి మొహమైనా చూడలేదు.

నవంబరు చలికి స్కూటర్లవాళ్ళు వేసుకునే రబ్బరు దుప్పటి కూడా కొన్నాడు. అది బండికి తగిలించి ఉంటుంది, నడుం దాకా లాక్కుంటే కాళ్ళు వెచ్చగా ఉంటాయి. ఇక ఎవరైనా దారి ఇచ్చినా కాలు బయటకి తీయడం కుదరదు. ఒకప్పుడు ఇలాంటి వాళ్ళని చూసి, పక్కమీంచి లేవకుండానే ఆఫీసుకి బయల్దేరారని ఓదిల్‌తో కలిసి నవ్వినవాడే అతను.

నవంబరు రెండో శనివారం మధ్యాహ్నం రెజీస్ బజారు నుంచి రొట్టె, ఉల్లికాడలు పట్టుకుని వచ్చేసరికి స్నానాల గది తలుపు తీసి ఉంది. ఓదిల్ తొట్టి అంచు మీద కూర్చుని ఉంది. ఆమె చేతిలో బట్టలు కొలిచే టేపు.

రెజీస్ రొట్టెని చంకలో పెట్టుకుని గుమ్మంలోనే ఆగాడు.

“ఎండాకాలం నుంచీ దీనికోసం వెతుకుతున్నాను, నీ కోటు జేబులో ఏం చేస్తోంది?”

“ఏదో కొలుద్దామని...”

“ఈ గీత ఎవరు గీశారు?”

“నేనే.”

“నా టేపు మీద. బాల్‌పెన్నుతో.” ఆ టేపుని ఆమె ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఎవరి చేతికీ ఇచ్చి ఎరగదు. “యాభై ఆరు సెంటీమీటర్ల దగ్గర గీత. ఎందుకా అని ఇల్లంతా కొలిచాను. కుర్చీ కాదు. మంచం కాదు. కిటికీ గట్టు కాదు. ఇదీ!” తొట్టి అంచు మీద అరచేత్తో చరిచింది. “నా కాలు లేచేది ఇంతవరకే. దీనికంటే తక్కువ ఎత్తున్న బండి వెతికావు. అవునా?”

రెజీస్ ఉల్లికాడలు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. మూడు దుకాణాల్లో, అమ్మేవాళ్ళు ఇంజను గొప్పలు చెబుతుంటే వినకుండా నేల మీద మోకాళ్ళూని కాళ్ళుపెట్టే చోటు కొలిచిన సంగతి గుర్తొచ్చింది. ఒక దుకాణం ఆమె, “మీది టైలరింగాండీ?” అని కూడా అడిగింది.

“అవును” అన్నాడు.

“మణికట్టు?”

“బానే ఉంది.”

“మొదట్నుంచీనా?”

“మొదట్నుంచీ.”

“రెండు నెలలుగా మందు రాస్తున్నానయ్యా నేను!”

“నువ్వు రాస్తుంటే బాగుండేది” అనేసి నాలుక కరుచుకున్నాడు. ఇంకో రోజైతే ఆమె నవ్వేది. ఆ రోజు నవ్వలేదు.

“నేనేమన్నా గుడ్డనా, నాకు తెలీకుండా కొలతలు తియ్యడానికి?”

“నువ్వు కాలెత్తలేవు కాబట్టి బండి అమ్ముతానని ఎలా చెప్పమంటావు?”

“అలాగే చెప్పాలి. నాకు పోయింది తుంటి. చెవులు పోలేదు.” టేపు కొస అతనికేసి చూపించింది. “ఆ నల్లబండి నీ ఒక్కడిదేనా? ఇరవై ఆరేళ్ళు ఆ రెండు వేళ్ళూ ఎత్తిందెవరు? నువ్వా? అమ్మేముందు ఒక్కమాట చెబితే, వెళ్ళి ఒకసారి చేత్తో నిమిరి వచ్చేదాన్ని కదా. ఏడ్చేదాన్నేమో, ఏడవనీ. నాకు ఆ మాత్రం ఏడుపు కూడా లేకుండా చేశావు.”

అతనికి ఇంతకాలం ఈ ఆలోచన రానేలేదు. తన త్యాగం, తన బాధ, తన రహస్యం అనుకుంటూ తిరిగాడు. ఆ బండి మీద రెండు సీట్లున్నాయని అతనికే గుర్తులేకపోయింది. క్షమించమన్నాడు. ఆమె టేపు చుట్టి జేబులో వేసుకుని, తొట్టి అంచు పట్టుకుని మెల్లగా లేచి, అతను చెయ్యి ఇవ్వబోతే వద్దంది. ఆ స్కూటరు ఎక్కేది మాత్రం లేదంది.

ఎనిమిది రోజులు ఇంట్లో ఉప్పు అందుకో, తలుపు వెయ్యి తప్ప మాటల్లేవు. రెజీస్ వెనక సీటు ఖాళీగా పెట్టుకుని పనికి వెళ్ళాడు. ఆమె మెట్లు దిగింది. బండి పోయింది, మనిషీ తిరిగి రాలేదు అనుకుంటూ అతను ఆ ఎనిమిది రోజులూ రింగు రోడ్డు మీద ఎవరికీ వేళ్ళు ఎత్తలేదు.

తొమ్మిదో రోజు, సోమవారం, మెట్రోవాళ్ళు సమ్మె చేశారు. రైళ్ళు లేవు. ఉన్న కాసిని బస్సుల్లోనూ జనం తలుపులకి అంటుకుపోయి ఉన్నారు. సాయంత్రం కొత్త నాటకం మొదటి ప్రదర్శన. ఏడు గౌన్ల అంచులు ఇంకా కుట్టాలి. రెజీస్‌కి రమ్మని అడిగే ధైర్యం చాల్లేదు. వాకిట్లోకి వెళ్ళి స్కూటరు స్టాండు వేసి, గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

ఓదిల్ పాత హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చింది.

“ఇవాళ ఒక్కరోజే.”

“సరే.”

“గౌన్ల కోసం.”

“సరే అన్నానుగా.”

ఆమె కుడికాలు ఎత్తి చదును చోటులో పెట్టింది. అది తొట్టి అంచులో సగం కూడా లేదు. కూర్చుంది, వెనక్కి జరిగింది, ఫుట్‌రెస్టుల మీద కాళ్ళు పెట్టుకుంది. అంతసేపూ మొహం పక్కకి తిప్పుకునే ఉంది. ఇరవై ఆరేళ్ళుగా తను ముందు ఎక్కి ఆమెకోసం ఆగడం అలవాటైన రెజీస్‌కి, ఆమె ఎక్కాక తను ఎలా ఎక్కాలో తెలియలేదు. అటు నుంచీ ఇటు నుంచీ ప్రయత్నించి చివరికి ఆమె ఎక్కినట్టే ఎక్కాడు. దుప్పటి నడుం దాకా లాక్కున్నాడు.

“అది నీకేనా?” అంది వెనకనుంచి.

“నువ్వు ఎక్కుతావనుకోలేదు.”

మూల తిరగ్గానే దీపం ఎర్రబడింది. వెనక ఓదిల్ ఉందన్న కంగారులో పాత అలవాటు తిరిగొచ్చింది. ఎడమచెయ్యి క్లచ్చి అనుకుని మొత్తం నొక్కేసింది. బండి చతికిలబడింది. టక్కుమని హెల్మెట్‌కి హెల్మెట్ కొట్టుకుంది.

“చూసి ఆపు” అంది ఓదిల్.

“చూసే ఆపాను” అన్నాడు రెజీస్. దీపం పచ్చబడింది కూడా. వెనక కారువాడు హారన్ కొట్టేదాకా అతను కదల్లేదు.

సమ్మె రోజు రింగు రోడ్డంటే చెప్పాలా! ఊరంతా కార్లు తీసింది. నదికి ఇవతల బెర్సీ దగ్గర వరసలన్నీ ఆగిపోయాయి. రెజీస్ ఎడమ పక్కనున్న రెండు వరసల మధ్య సందులో, వెనక మనిషి ఉందన్న జాగ్రత్తతో, నెమ్మదిగా వెళుతున్నాడు. నది దాటాక సామాన్ల వ్యాను ఒకటి అడ్డంగా, సందు మూసుకుని కనిపించింది. రెజీస్ వెనకే ఆగాడు. వ్యానువాడు అద్దంలో చూసినట్టున్నాడు, చక్రం తిప్పి, అరడుగు అరడుగుగా వ్యానుని పక్కకి జరిపి దారి ఇచ్చాడు.

పక్కనుంచి వెళుతుంటే రెజీస్ కుడికాలు అలవాటుగా కదిలింది. రబ్బరు దుప్పటిలో చిక్కుకుని ఆగిపోయింది. ఇంకోసారి లాగాడు. రాలేదు. ఇంత మంచి మనిషికి ఏమీ చెప్పకుండా పోవాల్సి వస్తోందని ప్రాణం ఉసూరుమంది.

అప్పుడు అతని నడుం దగ్గర కోటుని ఓదిల్ చెయ్యి గట్టిగా పట్టుకుంది. బండి కొద్దిగా కుడివైపు బరువెక్కింది. రెజీస్ అద్దంలో చూశాడు. ఫుట్‌రెస్టు మీంచి గోధుమరంగు బూటు ఒకటి లేస్తోంది. మెల్లగా, ఆగి ఆగి, వణుకుతూ లేచి, పక్కకి చాచుకుంది. ఆమె కుడికాలు. జూన్‌లో సగం దాకా లేచి ఆగిపోయిన కాలు. అది అలా గాలిలో, వ్యాను దాటేవరకూ, చాపుకునే ఉంది.

వ్యానువాడు దీపాలు ఒకసారి ఆర్పి వెలిగించాడు.

రెజీస్‌కి కళ్ళ ముందు రోడ్డు మసకబారింది. హెల్మెట్ లోపల చెయ్యి పెట్టి తుడుచుకునే వీలు లేదు.

“అద్దంలో నన్ను చూడకు” అని వెనకనుంచి కేక వేసింది ఓదిల్. “రోడ్డు చూడు.”

నాటకశాల ముందు ఆమె మెల్లగా దిగింది. తుంటి మీద చెయ్యి పెట్టుకుని, నొప్పేమీ లేదన్నట్టు ఒక నిమిషం నిలబడింది. నొప్పి ఉందని అతనికి తెలుసు, అయినా అడగలేదు.

“సమ్మె ఎన్నాళ్ళట?” అంది హెల్మెట్ తీస్తూ.

“రేపటితో అయిపోతుందట.”

ఆమె హెల్మెట్‌ని అతని చేతికి ఇవ్వలేదు. తన చంకలోనే పెట్టుకుని మెట్లవైపు తిరిగింది.

“అయిపోతే అయిపోనీ, మనకేం?” అంది. “రేపు నాక్కూడా ఒక దుప్పటి తీసుకురా.”